బరఫ్ లేదన్నాను

"గా సంత్ర చాయ్ జరంత చేసియ్యి బిడ్డా. నాలుక ఎండుకపోతుంది."

"బరఫ్ లేదవ్వా."

"లేదా? ఉంటే తేకపోదువా నువ్వు. పోనియ్యి."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. అడిగింది నర్సవ్వ. లేదన్నది నేను. మూడో రోజు ఆమె పోయింది.

బరఫ్, అంటే మంచుగడ్డ, ఉంది. ఇప్పుడు మా బజారులో రెండు దుకాణాల ముందు రంపపు పొట్టులో పెట్టి అమ్ముతున్నారు. వంద అడుగులు నడిస్తే దొరికేది. లేదన్నాను. పద్నాలుగేళ్ల కింద ఈ ఊళ్లో ఎక్కడా దొరకని మంచుగడ్డను ఇదే నేను సంపాదించాను. అది ఎక్కడిదో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

పద్నాలుగేళ్లు మోశాను అనబోయాను. మోశాను అంటే గొప్పగా ఉంది. మూట మోసినవాళ్లు ఎక్కడో ఒక చోట దించుతారు. ఇది నెత్తి మీద లేదు, నాలుక మీద ఉంది. ఉమ్మినా పోదు. అన్నం ముద్ద పెట్టుకున్నా దాని కిందనే ఉంటుంది.

నా పేరు చెప్పను. చదివే మీరెవరో నాకు తెలియదు, తెలియకపోవడమే మేలు. నాకు నా పేరు కూడబలుక్కుని గీయడం వస్తుంది, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా ఆడబిడ్డ రాస్తోంది. ఆమె పేరు శాంత అని రాయమన్నాను, అది ఆమె పేరు కాదు. ఏడో తరగతి దాకా చదివింది. నా మాటను పుస్తకాల్లో మాటలాగా దిద్ది రాస్తానంది. మాట దిద్దు, సంగతి దిద్దకు అన్నాను. ఈ సంగతి శాంతకు తెలియదు. రాస్తూ రాస్తూ తెలుసుకుంటుంది. ముందే చెప్పి రాయించొచ్చు కదా అంటారేమో. చెబితే రాయదు.

మాది బొగ్గుబాయి ఊరు. మంచిర్యాల దాటి రైలు ఉత్తరానికి పోతుంటే వస్తుంది. ఎండాకాలం వస్తే ఇక్కడ నేల కింద నుంచి ఒక వేడి, మీద నుంచి ఒక వేడి. ఆరేసిన తెల్ల గుడ్డ సాయంత్రానికి బూడిదరంగు అవుతుంది. కంపెనీ మాకిచ్చింది రెండు అర్రల ఇల్లు, రేకుల కప్పు. మా ఆయన కంపెనీ దవాఖానలో చౌకీదారు. నేను కంపెనీ దొర బంగళాలో గిన్నెలు తోమేదాన్ని. హైదరాబాదు రాష్ట్రం ఇంకా ఆంధ్రలో కలవని రోజులవి.

బంగళా దొరసాని బెంగాల్ దిక్కు నుంచి వచ్చిన మనిషి. మధ్యాహ్నం పూట చల్లటి చాయ్ తాగేది. చల్లారిపోయిన చాయ్ కాదు, చల్లగా చేసిన చాయ్, అందులో పండ్ల రసం. గాజు గ్లాసు బయట నీటి చుక్కలు పట్టేవి. నేను తోమడానికి తీసుకున్న గ్లాసులో అడుగున మిగిలింది ఒకసారి నాకిన మాట నిజం. ఎంగిలిదే. అప్పుడు అసహ్యం అనిపించలేదు.

చూసి నేర్చుకున్నాను. నీళ్లు తెర్లగానే దించి, చాయ్‌పత్తా వేసి మూత పెట్టాలి. మరిగించకూడదు. మరిగిస్తే వగరు దిగుతుంది, చల్లారాక ఆ వగరు నాలుకను పట్టుకుంటుంది. రోజూ చాయ్‌కి వేసేదానికి రెండింతలు వేయాలి, మంచుగడ్డ కరిగి పలచన చేస్తుంది కనుక. చక్కెర వేడి మీదే కలపాలి. సంత్ర, అంటే కమలాపండు, దాని తొక్క మీది రంగు పొరను తెల్లది తగలకుండా కొంచెం గీరి ఆ వేడిలో వేస్తే వాసన పడుతుంది. గుడ్డలో వడకట్టి, కొత్త కుండలో పోసి, తడి గుడ్డ చుట్టి నీడన పెట్టాలి. తొనల పొర తీసి, గింజ నలగకుండా చేత్తో పిండాలి. గింజ నలిగితే చేదు. చాయ్ పూర్తిగా చల్లారాకే ఆ రసం పోయాలి. ఆఖరున మంచుగడ్డ.

మొదటిసారి ఇంట్లో చేసినప్పుడు అలవాటు కొద్దీ పాలు పోశాను. విరిగి ముద్దలు ముద్దలైంది. మా ఆయన కుండలోకి తొంగి చూసి, "చాయ్ జేసినవా, పెరుగు తోడేసినవా?" అన్నాడు. శాంత నవ్వి నవ్వి పొలమారి దగ్గింది. గుర్తుందా శాంతా? తర్వాత కుదిరింది. నాగపూరు దిక్కు నుంచి ప్యాసింజరులో సంత్రాల గంపలు దిగేవి, నాలుగు తెచ్చి చేసేదాన్ని. మంచుగడ్డ లేకుండా, కుండ చల్లదనంతోనే. బాగుండేది.

ఉగాది వెళ్లిన వారం శాంతను చూసుకోవడానికి మంచిర్యాల నుంచి వస్తామన్నారు. పిల్లగాడు రైల్వేలో గుమాస్తా. వాళ్లకు మర్యాదలు బాగా పట్టింపు అని సంబంధం తెచ్చినాయన అన్నాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "మా ఇంట్ల బంగళా చాయ్ చేస్తమని చెప్పు. బరఫ్ ఏసి, గాజు గ్లాసులల్ల," అన్నాను. ఆ గాజు గ్లాసులు నావి కావు. అవి తోమే చేతులే నావి. ఆ ఒక్క పూట ఆ చేతుల్ని మరిచిపోవాలనిపించింది. ఆ మాట మంచిర్యాల దాకా పోయింది. ఇక వెనక్కి తీసుకోలేను.

స్టేషన్‌లో కూలీల మేస్త్రికి చెప్పి, వాళ్లు వచ్చే రోజు పొద్దుటి బండిలో ఒక గడ్డ తెప్పించమన్నాను. దొరసానికి ఒకటి ఎట్లాగూ వస్తుంది, దానితో పాటు నాది. వస్తుందన్నాడు.

దానికి ముందు రోజు రెండో షిఫ్టులో బాయిలో పైబండ ఊడి ఒకడి మీద పడింది. మొఖం మీదనే పడింది. అతని దగ్గరున్న ఇత్తడి బిల్ల నంబరును బట్టి రాజలింగు అన్నారు. బాయిలోకి దిగే ప్రతి మనిషికీ ఒక బిల్ల ఉంటుంది, దాని మీద నంబరు ఉంటుంది. కానీ ఒకడి బిల్ల మీద ఇంకొకడు దిగడం ఇక్కడ మామూలే. ఒంట్లో బాగోలేని వాడు తన బిల్లను పక్కవాడి తమ్ముడికో బావకో ఇచ్చి పంపుతాడు, లేకపోతే నాగా పడుతుంది, ఆ రోజు కూలి పోతుంది. అందుకని బిల్ల ఉన్నంత మాత్రాన మనిషి వాడే అని ఎవరూ గట్టిగా అనరు. రాజలింగు వచ్చి మూడు వారాలు. కరీంనగర్ దిక్కు సాలెవాళ్ల పిల్లగాడు. మగ్గం మీద పొట్ట నిండక బాయికి వచ్చాడు. అతన్ని బాగా ఎరిగినవాళ్లు ఇక్కడ ఎవరూ లేరు.

తల్లి వచ్చి చూసి అవుననాలి అన్నాడు డాక్టరు. ఆ తల్లి ఊళ్లో లేదు. కొడుకు బాయిలోకి దిగుతున్నాడన్న భయంతో, గుడి చుట్టూ కోడెను తిప్పే మొక్కు తీర్చుకోవడానికి వేములవాడకు పోయింది. ఆమె కోసం మనిషిని పంపారు. వాళ్లు తిరిగి రావాలంటే ఇంకో పగలు, ఇంకో రాత్రి గడవాలి. ఆ ఎండలో పీనుగ ఆగాలి.

పొద్దుటి బండిలో దిగిన రెండు గడ్డలనూ దవాఖాన వెనక రేకుల అర్రలోకి మోసుకుపోయారు. దొరసాని తనది ఇచ్చేసింది, మారు మాట లేదు. నన్ను ఎవరూ అడగలేదు. అది నా గడ్డ అని మోసుకుపోయినవాళ్లకు తెలియదు కదా.

చూశారా, ఇంకా నా గడ్డ అంటున్నాను.

మధ్యాహ్నం మా ఆయనకు సద్ది పట్టుకుపోయాను. ఆయన ఆ అర్ర గడప ముందు కూర్చుని ఉన్నాడు. "జర కూసో. నల్లా కాడికి పోయి తినొస్త. ఈడ బువ్వ లోపలికి పోతలేదు," అని గిన్నె తీసుకుని పోయాడు. నేను కూర్చున్నాను. సద్ది తెచ్చిన గంపలో గోనెగుడ్డ ఉంది. గోనెగుడ్డ ఎందుకు తెచ్చావే అని నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో. బువ్వ చల్లారకుండా చుట్టి తెచ్చాను అని జవాబు చెప్పుకునేదాన్ని. ఎండాకాలం బువ్వకు గోనె ఎవరు చుడతారు? ఇంట్లోంచి బయలుదేరినప్పుడే నా చేతులకు తెలుసు. మనసుకు తర్వాత చెప్పాయి.

లోపలికి పోయాను. చెక్కబల్ల మీద పడుకోబెట్టారు. మొఖం మీద గుడ్డ వేసి ఉంది, దాన్ని నేను ముట్టలేదు. ఆ ఒక్కటి ముట్టనందుకు చాలా రోజులు నన్ను నేను మెచ్చుకున్నాను. గడ్డలను పగలగొట్టి రెండు పక్కలా పేర్చి, మీద తడి గోనెలు కప్పారు. ఎడమ పక్క గోనె ఎత్తాను. పెద్ద ముక్క అక్కడే ఉంది. బిగుసుకుపోయిన చెయ్యి ఒకటి దాని అంచు మీద ఉంది. ముక్కను లాగితే చిటికెన వేలు కొక్కెంలా అడ్డం పడింది. ఆ వేలు అందరి వేలులా లేదు. నడిమి కణుపు దగ్గర లోపలికి వంగిపోయి ఉంది, గోరు పక్కన బియ్యపుగింజంత తెల్ల మచ్చ. ఆ వేలును పట్టుకుని పైకెత్తి పక్కకు పెట్టాను. ఎట్లా పెట్టానో చెప్పనా? గిన్నెకు అంటిన మాడును గోటితో ఊడదీసినట్టు. పనిమనిషి పని.

వచ్చేవాళ్లు ఏడుగురు. ఒక ముక్క చాలదనిపించి రెండోది కూడా తీశాను. ఖాళీ అయిన చోట రంపపు పొట్టు తోసి, ఎత్తుగా కనబడేటట్టు గోనె సర్ది వచ్చాను. మా ఆయన వచ్చేసరికి గంప నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాను. గంపలోంచి నీళ్లు కారి నా మెడ మీదుగా వీపులోకి దిగుతున్నాయి. చల్లగా ఉంది. సుఖంగా ఉంది. రాయి శాంతా, సుఖంగా ఉందని రాయి.

ఇంటికి వచ్చి కడిగాను. మూడు కడుగులు. మీది పొర కరిగిపోయింది, లోపలిది ఉత్త నీళ్లే కదా అనుకున్నాను. ఎంత కడిగితే అంత కరిగిపోతోంది. కరుగుతుంటే కంగారు. శుభ్రం కావాలా, మంచుగడ్డ కావాలా? మంచుగడ్డే కావాలని కడగడం ఆపాను. గుడ్డలో మూటగట్టి రోకలితో కొట్టి కుండలో వేశాను.

వాళ్లు వచ్చారు. దొరసాని దగ్గర అడిగి తెచ్చిన గ్లాసులు, సంత్ర రంగు, బయట నీటి చుక్కలు. పిల్లగాడి మేనమామ గ్లాసు ఎత్తి చూసి, "మా ఇంట్ల చాయ్ సల్లారితే కుక్కకు పోస్తం. మీరు సల్లార్చి మాకు పోస్తున్రా?" అన్నాడు.

"కుక్కకు బరఫ్ ఏడికెళ్లి తెస్తమన్నా," అన్నాను.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. పిల్లగాడి తల్లి ఒక గుటక తాగి, "గిది చాయా, దవాఖాన మందా?" అంది. దవాఖాన అన్న మాటకు చేతిలో పళ్లెం కింద పెట్టేశాను. ఆమె ఎకసెక్కానికి అన్నదంతే. తర్వాత గ్లాసు లోపలి అంచు చూపించి, నల్లగా ఏందిది అని అడిగింది. చాయ్‌పత్తా వదినా, గుడ్డలోంచి జారింది అన్నాను. చాయ్‌పత్తానా, బొగ్గా? బొగ్గు అయితే గాలిలో వచ్చి పడిన బొగ్గా, అతని చేతి మీది బొగ్గా? నాకు తెలియదు. ఆమె వేలితో తీసి గోడకు రాసింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లు ఆ గోడ మీద ఆ చోటు ఎక్కడో నాకు తెలుస్తూనే ఉండేది.

నువ్వు కూడా తాగావు శాంతా. లోపలి అర్రలో, తలుపు చాటున, రెండు గ్లాసులు. ఇంకా ఉందా వదినా అని అడిగావు.

నేను తాగలేదు. దాహం లేదన్నాను. తెలియక చేశాను అని ఎవరితోనైనా అందామంటే ఇదొక్కటి అడ్డం పడుతుంది. నాకు తెలుసు. తెలియకపోతే తాగేదాన్నే.

ఇక్కడ శాంత కలం పెట్టేసి బయటికి పోయింది. వాకిట్లో గోలెం తొట్టి దగ్గర కక్కిన చప్పుడు విన్నాను. చాలాసేపటికి వచ్చింది. నా మొఖం చూడలేదు, కలం మాత్రం పట్టుకుంది. అది కూడా రాయమన్నాను. నీకు చెప్పకుండా నీతోనే రాయించడం ఇంకో తప్పు, దాన్ని కూడా ఇందులోనే కలుపు అన్నాను.

పొద్దుగూకే లోపలే వాసన పట్టింది. దవాఖానలో ఉన్న రోగులు లేచి బయటికి వచ్చేశారు. డాక్టరు ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి పోయి, పోయినంత వేగంగా బయటికి వచ్చి, ఇక ఉంచలేం అన్నాడు. ఎడమ పక్కంతా ఉబ్బి, రంగు మారి, మనిషి ఆకారం లేదట. వాగు ఒడ్డుకు మోసుకుపోయి వెలుగు ఉండగానే కాల్చేశారు. అక్కడ చేరినవాళ్లలో ఎవరూ అతని చెయ్యి పట్టి చూడలేదు. ఎందుకు చూస్తారు?

మా ఆయన ఇంటికి వచ్చాడు. మూలన ఉన్న గోనెగుడ్డను, దానికి అంటుకున్న రంపపు పొట్టును చూశాడు.

"బరఫ్ యాడిది?"

"స్టేషన్ల చెప్పిన గద."

ఆయన ఆ పూట తినలేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్లు బతికాడు, మంచివాడు, నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా చేతి సంత్ర చాయ్ మాత్రం మళ్లీ ముట్టలేదు.

మర్నాడు పొద్దుటి బండికి ఆ తల్లి, నర్సవ్వ, దిగింది. నలభై దాటిన మనిషి, నూలు వడికీ వడికీ వేళ్లు గట్టిపడ్డాయి. కొంగుకు వేములవాడ బండారి పసుపు ముడి. దవాఖాన ముందు మట్టిలో చతికిలబడింది. అప్పటికి ఆమెకు చెప్పేశారు.

"నా కొడుకును నాకు సూపెట్టకుంట కాలవెట్టుమని ఎవలు చెప్పిన్రు?"

కంపౌండరు నేల చూస్తూ, "బరఫ్ ఆగలే అవ్వా. ఎండ గట్లున్నది," అన్నాడు.

ఆమె ఏడవలేదు. చుట్టూ నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినీ చూస్తూ అడిగింది. "ఎడమ చెయ్యి చిటికెన వేలు ఎవలన్న సూసిన్రా? నా కొడుకుది లోపలికి వంగి ఉంటది. చిన్నప్పుడు మగ్గంల ఇరికింది. గోరు పక్కకు తెల్ల మచ్చ. ఎవలన్న సూసిన్రా?"

ఎవరూ చూడలేదు. నా దాకా వచ్చింది ఆ చూపు. నా చేతిలో లోటా ఉంది. ముందు రోజు కుండలో మిగిలిన చాయ్. పొద్దున కూడా చల్లగానే ఉంది. ఎందుకు తెచ్చాను? ఆడవాళ్లందరూ ఏదో ఒకటి తెస్తున్నారు. వట్టి చేతులతో పోతే నా చేతులే చూస్తారేమోనని భయమేసిందేమో. పారబోయబుద్ధి కాలేదేమో. పద్నాలుగేళ్లుగా నన్ను నేను అడుగుతున్నాను.

"నువ్వు సూసినవా బిడ్డా?"

"నేనెందుకు సూస్తనవ్వా. నేను లోపలికే పోలే. గిది తాగు, సల్లగుంటది."

లోటా ఎత్తి గటగటా తాగింది. నిన్నటి నుంచి ఆమె గొంతులో నీటి చుక్క పడలేదట. గొంతు కదులుతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. కొడుకును చల్లగా ఉంచడానికి తెచ్చింది తల్లి కడుపులోకి పోతోంది. ఆపు అనలేదు. లోటా దించి, మూతి తుడుచుకుని, నా చెయ్యి పట్టుకుంది. ముందు రోజు ఆ వేలును పట్టుకున్న చెయ్యి.

"ఎవల బిడ్డవో. నీ కడుపు సల్లగుండ. నా పానం నిలవెట్టినవు."

నాకు పిల్లలు కలగలేదు. దానికీ దీనికీ నేను ముడిపెట్టను. ముడిపెడితే శిక్ష పడిపోయింది, లెక్క తీరింది అని సుఖపడతాను.

వేలును చూసినవాళ్లు లేరు కనుక చనిపోయింది తన కొడుకు కాదని నర్సవ్వ తేల్చుకుంది. "ఒకని బిల్ల మీద ఇంకొకడు దిగుతరట గద. నా కొడుకు మగ్గపోడు, బాయిల భయమై బొంబయి మిల్లుకు పోయుంటడు. బిల్ల ఎవనికో ఇచ్చిండు," అనేది. తిరిగి వస్తే ఇక్కడికే వస్తాడని ఊరికి పోలేదు. మా వెనక వరుసలో గుడిసె వేసుకుని, బొగ్గులోంచి రాళ్లు ఏరే పనిలో చేరింది. పద్నాలుగేళ్లు. బొంబాయి మిల్లుల నుంచి సెలవుకు వచ్చిన సాలెవాళ్లు ఎవరు కనబడినా చిటికెన వేలు సంగతి అడిగేది. "మగ్గం నేసినోళ్లం, మా అందరి వేళ్లు వంకరే అవ్వా," అని ఒకడు తన రెండు చేతులూ చాపి చూపించాడు. ఆమె ఆ వేళ్లను ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. నేను పక్కనే ఉన్నాను.

పెత్రమాస నాడు మా దిక్కు పోయినవాళ్ల పేరున బియ్యం, కూరగాయలు అయ్యగారికి ఇస్తాం. ఆమె మొగుడి పేర ఇచ్చేది. కొడుకు పేర ఇయ్యలేదు. బతికున్నోని పేర బియ్యం ఇస్తే వాని ఆయుష్షు తగ్గుతుంది అనేది. ఒక ఏడు నేను ఉండబట్టలేక, "పోయిండనుకొని ఇయ్యరాదే అవ్వా," అన్నాను. ఆమె చేటను కింద పెట్టి నా దిక్కు తిరిగింది.

"సచ్చింది వాడేనని నువ్వు సూసినవా?"

నోట్లోనే ఉంది మాట. వేలు, మచ్చ, అంతా. చూశాను అంటే ఎక్కడ చూశావు అంటుంది. ఎందుకు గోనె ఎత్తావు అంటుంది. "లేదు," అన్నాను. ఆ పిల్లగాడు ఒక్క పిడికెడు బియ్యానికి కూడా నోచుకోలేదు, నా నోరు కారణంగా.

మా ఆయన నౌకరి పోతుందని దాచాను అనుకునేదాన్ని. కాపలా ఆయనది కదా. ఆరేళ్ల కింద ఆయన పోయాడు. నౌకరి భయం పోయింది. మరి అప్పుడెందుకు చెప్పలేదు? అప్పుడు తెలిసింది నాకు, నేను కాపాడుకుంటున్నది ఆయన నౌకరిని కాదని. నర్సవ్వ నన్ను చూపించి కొత్తగా వచ్చిన ప్రతి ఆడమనిషికీ చెప్పేది, "ఆ పొద్దు గీ బిడ్డ సల్లటి చాయ్ తెచ్చియ్యకుంటే నేను సచ్చిపోదును," అని. ఆ మాట వింటుంటే నాకు వాంతి వచ్చేది. ఆ మాట వినకపోతే ఉండలేకపోయేదాన్ని. రెండూ నిజం. ఇంత ఏవగింపు నాకు ఆ చెక్కబల్ల దగ్గర కూడా కలగలేదు, నా మీద నాకు కలిగినంత.

ప్రతి ఏడు ఎండాకాలం ఆ చాయ్ అడిగేది. రెండుసార్లు కుండ చాయ్ చేసి ఇచ్చాను. అంత సల్లగ లేదు బిడ్డా, అంది. తర్వాత సంత్రలు లేవనేదాన్ని. సంత్ర తొక్క వలిచిన వాసన వస్తే నేను బజారు మధ్యలో ముక్కు మూసుకుని నిలబడిపోతాను. జనం గర్భిణి అనుకునేవారు ఒకప్పుడు.

ఇంకొక మాట. పెళ్లైన రెండేళ్లకు శాంత అత్త మా ఇంటికి వచ్చి, నవ్వుకుంటూ చెప్పింది. "మేము రాకముందే ఒప్పుకున్నం వదినా, పిల్ల ఫోటో చూసే. గా చాయ్ రెండు గుటకలే తాగిన, పండ్లు జివ్వుమన్నయ్. మిగిలింది మీ గోలెంల పోసిన." విన్నారా? ఎందుకూ పనికిరాలేదు. శాంత పెళ్లి అది లేకపోయినా అయ్యేది. ఒక తల్లి ఆఖరి చూపును తీసుకుపోయి గోలెంలో పోశాను.

నర్సవ్వకు జ్వరం తగ్గక మంచం పట్టినప్పుడు నేనే చూశాను. ఒళ్లు తుడిచాను, గంజి పోశాను. మంచి పేరు ఇంకా పెరిగింది. సంత్ర చాయ్ అడిగింది. మంచుగడ్డ తెచ్చి చేసి ఇస్తే తాగుతుంది, తాగి మళ్లీ దీవిస్తుంది. ఆ దీవెన ఇంకొకసారి మోయలేననిపించింది. లేదన్నాను. నిజం చెప్పడానికి నోరు రాలేదు, గ్లాసెడు చల్లటి చాయ్ ఇయ్యడానికీ చెయ్యి రాలేదు. దాహంతో పంపించాను. ఆఖరి రోజు వాకిలి వైపే చూస్తూ ఉంది. ఎవరి కోసమో మీకు చెప్పనక్కరలేదు.

ఇది చెప్పినందుకు నాకు క్షమ ఉందని నేను అనుకోవడం లేదు. ఎవరిస్తారు? ఇవ్వగలిగిన మనిషి ఒక్కతే, ఆమెను అడగకుండా పంపించాను. మీరు ఇస్తే వద్దు. చెబితే నాలుక మీది రుచి పోతుందా అని చూస్తున్నాను. పోలేదు. కానీ ఇన్నేళ్లకు నోరు తెరిచి గాలి పీల్చినట్టుంది, అంతే.

ఆమెకు చెప్పాల్సిన మాట ఇక్కడ చెబుతున్నాను. శాంతా, ఇది దిద్దకు, నేను ఎట్లా అంటే అట్లనే రాయి.

అవ్వా, సచ్చింది నీ కొడుకే. ఎడమ చెయ్యి చిటికెన వేలు లోపలికి వంగి ఉండె. గోరు పక్కకు తెల్ల మచ్చ ఉండె. నేను సూసిన. నా చేతుల పట్టుకొని సూసిన. బొంబయిల వెతకకు.

అయిపోయింది. కలం పెట్టకు, అప్పుడే లేవకు. నాకు చదువు రాదు, నువ్వు జాలిపడి ఏదైనా వదిలేశావో, అసహ్యపడి ఏదైనా కలిపావో నాకెట్లా తెలుస్తుంది? మొదటి నుంచి చదువు. ఆమె చాయ్ అడిగిన కాడి నుంచి. వేలు దగ్గరికి వచ్చినప్పుడు గొంతు తగ్గించకు శాంతా, నాకు వినబడేటట్టు చదువు.